పచ్చని పేరు – హెచ్చు వడ్డీ
(మన సంఘపు వారాంత సమావేశమునందు ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేటి సభలో నాకు నిర్ణయించిన విషయము సాహిత్యమునకుగాని సంగీతమునకుగాని చెందినది కాదు, డబ్బునకు చెందినది. తెలుగు పాఠశాలలు, గ్రంథాలయము, పిల్లలకు మాతృభాషా బోధనము – ఇవియే మన సంఘమునకు ప్రధానములని నేనెరుగుదును. అయినను ముప్పది యేండ్లు కష్టించి కూడబెట్టిన ధనము ఒక్క సంతకముతో పోయిన యింట చదువు నిలిచిపోవును, పెండ్లి నిలిచిపోవును, వైద్యము కూడ నిలిచిపోవును. కనుక అట్టి సంతకములను గూర్చి ముందుగా మాటలాడుకొనుట సంఘ ధర్మములలో నొకటియేయని నా అభిప్రాయము.

ఇటీవల మన వీధులలోను, చేతి ఫోనులలోను ఒక కొత్త మాట వినవచ్చుచున్నది. సూర్యశక్తి ఫలకములు, విద్యుత్తుతో నడచు బండ్లు, చెత్తనుండి ఇంధనము తీయు యంత్రములు – ఇట్టివాటికి పెట్టుబడి కావలెనని, అందులకై బాండ్లు కొనినచో సాలునకు నూటికి 12, 13, ఒక్కొక్కచో అంతకుమించిన వడ్డీ ముట్టునని చెప్పుచున్నారు. భూమికి మేలు, మనకు లాభము అని ముక్తాయింపు. పదవీ విరమణ సొమ్ము చేతికందినవారు, మొదటి జీతపు పొదుపు చేయు యువకులు ఈ మాటలకు చెవి యొగ్గుచున్నారు. వారిని ఉద్దేశించియే నా నాలుగు మాటలు.

బాండు అనగా ఋణపత్రము. ఇచ్చువారము మనము, పుచ్చుకొనువారు సంస్థవారు. వాటాదారుడు వ్యాపారములో భాగస్వామి. బాండుదారుడు అప్పు ఇచ్చినవాడు మాత్రమే. ఇక హరిత బాండు అనగా వచ్చిన సొమ్మును పర్యావరణమునకు మేలుచేయు పనులకే వినియోగింతుమని మాట యిచ్చిన ఋణపత్రము. ఈ పద్ధతి మంచి కుదురునుండి పుట్టినది. 2007లో యూరోపియను ఇన్వెస్టుమెంటు బ్యాంకువారును, 2008లో ప్రపంచ బ్యాంకువారును ఇట్టి పత్రములను తొలిసారిగా వెలువరించిరి. మన భారత ప్రభుత్వము 2023 జనవరి 25వ తేదీన మొదటి హరిత బాండ్లను 8,000 కోట్ల రూపాయలకు వేలము వేసినది. అయిదేండ్ల పత్రమునకు నూటికి 7.10, పదేండ్ల పత్రమునకు 7.29 వడ్డీగా తేలినది. మన చెన్నపట్టణ కార్పొరేషనువారు 2025లో కొసస్తలైయారు ప్రాంతపు వర్షపునీటి కాలువల నిమిత్తము 200 కోట్ల రూపాయల బాండ్లను వెలువరించి నేషనల్ స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదు చేయించిరి. దానికి వడ్డీ 7.97.

ఈ అంకెలను మనస్సున నుంచుకొనుడు. గట్టి సంస్థలు 7, 8 వడ్డీకే కావలసినంత అప్పు పుట్టించుకొనగలవు. ప్రభుత్వపు హరిత బాండ్లకైతే సాధారణ బాండ్లకన్న ఒక పిసరు తక్కువ వడ్డీకే కొనువారు దొరికిరి. పచ్చదనము నిజమైనచోట వడ్డీ తగ్గినది గాని పెరుగలేదు. అట్లుండగా ఒక సంస్థ నూటికి 13 ఇచ్చెదమని మన గుమ్మమువద్దకు వచ్చినచో, బ్యాంకులు దానికి చవుకగా అప్పు ఏల ఇయ్యలేదని ప్రశ్నింపవలెను. జవాబు సాధారణముగా ఒక్కటే – బ్యాంకులు ఆ లెక్కలు చూచి, తగిన పూచీ లేదని వెనుకకు తగ్గియుండును. లేక ఇయ్యగలిగినంత ఇదివరకే ఇచ్చి, మంచి ఆస్తులన్నియు తమ తాకట్టులో నుంచుకొనియుండును. హెచ్చు వడ్డీ బహుమానము కాదు. మనము తలకెత్తుకొను అపాయమునకు ఖరీదు.

ఇక రెండవ మాట. ఈ పత్రములలో పెక్కు స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదు కానివి. నమోదు కానందున ఏమి నష్టమని మీరడుగవచ్చును. మూడు నష్టములున్నవి.

మొదటిది, బయటికి దారి లేదు. నమోదైన పత్రమును అవసరము వచ్చినపుడు, ఒకింత తక్కువ ధరకైనను, అమ్ముకొనుటకు సంత యున్నది. నమోదు కాని పత్రమునకు సంత లేదు. ఇంటిలో రోగము వచ్చినను, అమ్మాయి పెండ్లి కుదిరినను, గడువు తీరువరకు వేచియుండవలసినదే.

రెండవది, వెలుతురు లేదు. నమోదైన సంస్థ తన ఆదాయ వ్యయములను, వడ్డీ చెల్లింపులో కలిగిన జాప్యమును ఎప్పటికప్పుడు బహిరంగముగా ప్రకటింపవలెను. నమోదు కాని సంస్థకు అంతటి బాధ్యత లేదు. దీపము కొండెక్కిన సంగతి నూనె పోసినవానికి కడపట తెలియును.

మూడవది, మొరపెట్టుకొనుటకు చోటు చాల తక్కువ. బ్యాంకు డిపాజిటునకు 5 లక్షల రూపాయలవరకు భీమా కలదు. బాండునకు అట్టి భీమా లేదు. పెట్టుబడిదారుల ఫిర్యాదులు వినుటకు సెబీవారు ఏర్పరచిన పద్ధతులు నమోదైన పత్రములకు వర్తించునట్లు వీనికి వర్తింపవు. కంపెనీల చట్టము ఇట్టి ప్రైవేటు విక్రయమును సాలునకు 200 మందికి మించకుండ, పత్రికా ప్రకటనలు లేకుండ జరుపవలెనని విధించినది. దీని తాత్పర్యమేమి? ఇది లెక్కలు చదువగలిగిన కొద్దిమంది కొరకు ఏర్పడిన వస్తువు. వీధిలో కేకవేసి అమ్మదగినది కాదు. అట్టిదానిని ఫోనులో ముక్కుమొగ మెరుగనివారికెల్ల పంపుచున్నారనిన, ఆ పంపుటయే మొదటి అపశకునము. అనుమతి లేకుండ నమోదు కాని బాండ్లను జనసామాన్యమునకు అమ్మజూపిన కొన్ని వేదికలపై 2024 నవంబరులో సెబీవారు చర్య తీసికొనిన సంగతి పత్రికలలో చూచియుందురు.

నమోదైన పత్రములన్నియు క్షేమమని నా మాటలకు అర్థము కాదు. ఐ.ఎల్.అండ్.ఎఫ్.ఎస్. సంస్థకు 2018 ఆగస్టువరకు అత్యుత్తమమైన రేటింగు ఉండెను. సెప్టెంబరు నాటికి అది బాకీ చెల్లింపలేకపోయినది. వెలుతురున్నచోటనే ఇట్లు జరుగునపుడు చీకటిలో సంగతి చెప్పవలెనా యని మాత్రమే నా ప్రశ్న.

మన పట్టణమునకు ఈ పాఠము కొత్తది కాదు. 1906 అక్టోబరు 22వ తేదీన మదరాసులోని ఆర్బత్నాటు కంపెనీ చెల్లింపులు నిలిపివేసినది. ఆ కాలమున ఆ పేరు విననివారు లేరు. ఉద్యోగులు, వితంతువులు, వర్తకులు, దేవస్థానములవారు కూడ దానియందు సొమ్ము దాచుకొనిరి. లోపల జరిగినదేమనగా, ఇచ్చట పుచ్చుకొనిన డిపాజిట్లను సీమలోని భాగస్థ సంస్థ ద్వారా సాహసపు వ్యాపారములలో పెట్టి పోగొట్టుకొనిరి. సర్ జార్జి ఆర్బత్నాటుకు శిక్ష పడినది గాని పోయిన ధనము పూర్తిగా తిరిగి రాలేదు. ఆ దెబ్బనుండియే వి. కృష్ణస్వామి అయ్యరు మున్నగువారు పూనుకొని 1907లో ఇండియను బ్యాంకును స్థాపించిరి. నష్టము చూచి ఏడ్చి ఊరకుండక, జనులు నమ్మదగిన సంస్థను కట్టుకొనుట ఆనాటివారి ఘనత.

అది తెల్లదొరల కంపెనీ కథ. పచ్చని పేరు పెట్టుకొనిన కథ మరియొకటి కలదు. 1990 ప్రాంతములనుండి దేశమంతట టేకు చెట్ల కంపెనీలు మొలచినవి. ఒక్కొక్క మొక్కకు ఇంతయని సొమ్ము కట్టినచో ఇరువది యేండ్లకు మాను పెరిగి లక్షలు చేతికి వచ్చునని, అడవిని పెంచిన పుణ్యము కూడ దక్కునని చెప్పిరి. ఆ కంపెనీలలో పేరు మ్రోగినది మన చెన్నపట్టణములోని అనుభవ్ ప్లాంటేషన్సు. 1998లో అది కూలినది. వేలమంది చేతులలోని చెక్కులు బ్యాంకునుండి తిరిగి వచ్చినవి. ఆస్తుల వ్యవహారము మదరాసు హైకోర్టు పర్యవేక్షణలో ఏండ్ల తరబడి సాగినది. ఇట్టి సామూహిక పథకములను సెబీ అధికారము క్రిందికి తెచ్చుటకు ప్రభుత్వము పూనుకొనగా, 664 సంస్థలు తాము 3,518 కోట్ల రూపాయలు సేకరించినట్లు లెక్క చెప్పినవి. తరువాత 1999లో నిబంధనలు వెలువడినవి. చట్టము వచ్చినది, కాని చెట్టును నమ్మినవారి ధనము అంతకుముందే పోయినది.

ఆ కథలో గమనింపదగిన దొకటున్నది. టేకు విలువైనదను మాట అబద్ధము కాదు. మొక్క నాటిన మాటయు కొన్నిచోట్ల నిజమే. కాని మొక్క ఇరువది యేండ్లకు ఫలించును. ఏజెంటు కమీషను ఈ నెలకే ఇయ్యవలెను, మధ్య మధ్య చెల్లింపుల గడువులు ఈ సంవత్సరమే వచ్చును. ఆ చెల్లింపు ఎచ్చటనుండి వచ్చును? కొత్తగా చేరినవారి సొమ్మునుండి. చేరువారు తగ్గిననాడు కథ ముగిసినది.

మన ఆంధ్రదేశమున విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంగతి మీకు చెప్పనక్కరలేదు. భూమి ఇత్తుము, లేనిచో సొమ్ము హెచ్చించి ఇత్తుమని పలికి, చెల్లింపులు నిలిచిపోవునప్పటికి సుమారు 32 లక్షలమంది దానియందు చిక్కుకొనిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లోను 2021లోను ఖజానానుండి చిన్న మొత్తములవారికి మాత్రము కొంత ముట్టజెప్పినది. చిక్కినవారిలో అధికులు ఏజెంటును ఎరిగి చేరినవారే గాని సంస్థ లెక్కలు చూచి చేరినవారు కారు.

మోసము లేనిచోట నష్టము లేదందురా? జర్మనీ దేశమున ప్రోకాన్ అను సంస్థ గాలిమరలు నిలిపి విద్యుత్తు తీయుచుండెను. సుమారు 75,000 మంది సామాన్యులు నమోదు కాని పత్రములపై దానికి దాదాపు 140 కోట్ల యూరోలు ఇచ్చిరి. 6 మొదలు 8 వరకు వడ్డీ ఆశ చూపిరి. మరలు నిజముగా ఉండెను, నిజముగా తిరుగుచుండెను. అయినను ఇరువది యేండ్ల ఆస్తిమీద పెట్టిన సొమ్మును కొద్ది కాలములో తిరిగి అడుగుటకు వీలిచ్చిన పత్రములవి. జనులు భయపడి ఒక్కసారిగా అడుగగా, 2014 జనవరిలో సంస్థ దివాలా అర్జీ పెట్టినది. తరువాత అప్పు ఇచ్చినవారిలో పలువురు కలిసి దానిని సహకార సంఘముగా మార్చుకొని నిలబెట్టిరి గాని అసలులో పెద్ద భాగమును వదలుకొనవలసి వచ్చినది. గాలిమర తిరుగుట వేరు, మన డబ్బు తిరిగి వచ్చుట వేరు.

మన దేశమున 2025 ఏప్రిలులో జెన్సాల్ అను సంస్థపై సెబీవారు తాత్కాలిక ఉత్తర్వు వెలువరించిరి. 6,400 విద్యుత్తు బండ్లు కొనుటకు ప్రభుత్వ ఋణసంస్థలనుండి అప్పు తీసికొని 4,704 మాత్రమే కొనినట్లు, మిగిలిన సొమ్ములో కొంత ఇతర ఖర్చులకు మరలినట్లు ఆ ఉత్తర్వులో పేర్కొనిరి. ఆడిటర్లు, న్యాయవాదులు, ఇంజనీర్లు గల ఋణసంస్థలకే కనిపెట్టుట దుర్లభమైనచో, కరపత్రము చూచి సంతకము చేయు ఒంటి మనిషి ఏమి కనిపెట్టగలడు?

ఇపుడొక చిన్న లెక్క చూతము. ఒకరియొద్ద 10 లక్షల రూపాయలున్నవి. ప్రభుత్వ బాండులో నూటికి 7 చొప్పున అయిదేండ్లు ఉంచినచో, చక్రవడ్డీ విడిచిపెట్టినను, 13 లక్షల 50 వేలు అగును. అదే సొమ్మును జాగ్రత్తపరుడై నాలుగు కంపెనీలలో రెండున్నర లక్షల చొప్పున నూటికి 13 వడ్డీకి పెట్టెననుకొందము. నాలుగును చెల్లించినచో 16 లక్షల 50 వేలు. మూడు లక్షలు అధికము. కాని మూడు సక్రమముగా చెల్లించి, నాలుగవది ఒక సంవత్సరపు వడ్డీ యిచ్చి చేతులెత్తివేసినదనుకొనుడు. అపుడు చేతికి వచ్చునది 12 లక్షల 70 వేలు. నాలుగింట నొకటి పడినంతమాత్రముననే ప్రభుత్వ బాండుకన్న 80 వేలు తక్కువ వచ్చినది. ఇక పదిలక్షలును ఒకే కంపెనీలో పెట్టినవారి సంగతి – అదియే పడినచో వచ్చినది లక్షా ముప్పది వేలు, పోయినది ఎనిమిది లక్షల డెబ్బది వేలు. మన యిండ్లలో నాలుగు కంపెనీలలో పంచువారు అరుదు; ఒక్కచోటనే పెట్టువారే మెండు.

ఇట్లు చెప్పగా, ఈ పత్రములు ఎవ్వరును కొనరాదా యని యువకులు అడుగుదురు. అట్లనుట న్యాయము కాదు. సూర్యశక్తి, గాలిశక్తి దేశమునకు కావలయును. వానికి పెట్టుబడియు కావలయును. లెక్కలు చదువగలిగి, పోయినను కుటుంబము చలింపనంత భాగమును మాత్రమే పెట్టువారు పెట్టుకొనవచ్చును. నేను వలదనునది మొదటి అడుగుగా పెట్టుట, మొత్తము పెట్టుట, పదవీ విరమణ సొమ్ము పెట్టుట. పచ్చని పనికి తోడ్పడవలెనను కోరిక బలముగా నున్నవారు రిజర్వు బ్యాంకువారు 2021లో ప్రారంభించిన రిటైల్ డైరెక్టు పద్ధతిలో 10,000 రూపాయలనుండియే ప్రభుత్వ బాండ్లను, వానిలో హరిత బాండ్లను కూడ కొనవచ్చును. వడ్డీ తక్కువ, నిద్ర ఎక్కువ.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకముగా తగులు సంగతి చెప్పి ముగింతును. ఈ పట్టణమున మనము అల్పసంఖ్యాకులము. పత్రములు ఆంగ్లములో నుండును. ఏజెంట్లు తమిళములోనో ఆంగ్లములోనో మాటలాడుదురు. అట్టిచోట ఒకడు వచ్చి చక్కని తెలుగులో, "బాబాయిగారూ, మనవాళ్లందరును చేరుచున్నారు, మీరును ఇచ్చట ఒక సంతకము పెట్టుడు" అని యనినచో, ప్రాణము లేచి వచ్చినట్లుండును. ఊరి పేరు కలియును, ఇంటిపేరు కలియును, దూరపు చుట్టరికము కూడ కలియును. వాడు మోసగాడు కానక్కరలేదు. తానును తన తల్లిదండ్రుల సొమ్ము అందులోనే పెట్టియుండవచ్చును. కాని చుట్టరికము కంపెనీ లెక్కలకు పూచీ కాదు. భాషాభిమానము మనలను కలుపుటకు ఏర్పడినది గాని మన సంతకములను కలుపుకొని పోవుటకు కాదు.

పెద్దలకు మొగమాటము మరియొక శత్రువు. ప్రశ్న వేసినచో నమ్మలేదని అనుకొందురేమో యని సంకోచింతురు. కావున అడుగవలసిన ప్రశ్నలను ఇచ్చట చెప్పుచున్నాను. ఇవి సంఘము చెప్పిన ప్రశ్నలని యనుడు, మొగమాటము సంఘము మీదికి త్రోయుడు.

ఒకటి: అప్పు పుచ్చుకొను సంస్థ పేరేమి? కరపత్రము మీది పేరును, బాండు మీది పేరును ఒకటియేనా? తల్లి సంస్థ పేరు చూపి పిల్ల సంస్థ పత్రము అంటగట్టుట కలదు.

రెండు: ఇది ఏ ఎక్స్ఛేంజిలో నమోదైనది? నమోదు చేయింతుము అను మాట నమోదు కాదు.

మూడు: తాకట్టు ఏమి? ఆ ఆస్తిపై బ్యాంకుల హక్కు మనకన్న ముందా వెనుకనా? బాండుదారుల తరపున ట్రస్టీ ఎవరు?

నాలుగు: వడ్డీ ఏ ఆదాయమునుండి ఇత్తురు? అమ్మిన విద్యుత్తునుండియా, కొత్త అప్పునుండియా? గడచిన మూడేండ్ల ఆడిటు లెక్కలు చూపుదురా?

అయిదు: హరితమని చెప్పినవారెవరు? తామే చెప్పుకొనిరా, బయటివారు పరిశీలించి చెప్పిరా? పచ్చదనమునకు ఇచ్చిన ధ్రువపత్రము అప్పు తీర్చు శక్తికి ధ్రువపత్రము కాదని మరువకుడు.

ఆరు: గడువునకు ముందు డబ్బు కావలసినచో ఎవరు కొందురు, ఏ ధరకు, ఆ మాట వ్రాతలో నున్నదా?

ఈ ఆరింటికి వ్రాతమూలకముగా జవాబు రానిచో చేయి వెనుకకు తీసికొనుడు. నేడే ఆఖరు దినమని తొందరపెట్టువానికి మీ తొందర లేదని చెప్పుడు. మంచి బేరము వారము దినములు నిలుచును.

సంఘ కార్యవర్గమునకు ఒక విన్నపము. మనలో బ్యాంకులలో పనిచేసి విశ్రమించినవారు, ఆడిటర్లు, న్యాయవాదులు ఉన్నారు. నెలకొక ఆదివారము ఉదయము ఇద్దరు మన పఠనమందిరమున కూర్చుండి, సభ్యులు తెచ్చిన పత్రములను చదివి తెలుగులో విడమరచి చెప్పు ఏర్పాటు చేయవలెనని ప్రార్థించుచున్నాను. కొనుమనియు, కొనవలదనియు వారు చెప్పనక్కరలేదు. పత్రములో నున్నది ఉన్నట్లు మన భాషలో వినిపించిన చాలును. ముఖ్యముగా భర్త పోయినపిమ్మట భీమా సొమ్ము చేతికందిన సోదరీమణులకు ఈ సాయము అవసరము. ఏజెంట్లు ముందుగా వెదకి పోవునది వారి యిండ్లకే.

తమిళనాడులో 1997నుండి డిపాజిటుదారుల రక్షణ చట్టము కలదు. సుప్రీముకోర్టు 2011లో దానిని సమర్థించినది. 2019లో కేంద్ర ప్రభుత్వమును క్రమబద్ధము కాని డిపాజిట్లను నిషేధించు చట్టము చేసినది. ఈ చట్టములు మేలైనవే. కాని అవి ఇల్లు కాలినపిమ్మట వచ్చు నీళ్లబండి వంటివి. ఆస్తులు జప్తు చేసి, అమ్మి, పంచునప్పటికి ఇచ్చినవారి జుట్టు నెరయును, లేదా వారసులు వచ్చి సంతకము చేయుదురు. అంతకుముందు చేయవలసిన కాపలా మనదే.